పేర్లు రాయని శనివారం ఉత్తరాలు

జూలై 5

తమ్ముడూ,

నువ్వు చదవవు. చదివినట్టు సంతకం మాత్రం పంపిస్తావు. నువ్వొక్కడివే కాదు, నా క్లాసులో నలభై ఒక్క ఇళ్ల బాగోతమూ ఇదే. కాకపోతే ఆ నలభై ఒక్క ఇళ్లలో నేను నోరారా తిట్టగలిగేది నీ ఇల్లొక్కటే కాబట్టి అందరి తిట్లూ నీకే పడుతున్నాయి.

ఏడో తరగతి నాకు అప్పజెప్పినప్పటినుంచీ ప్రతి శనివారం ఇంటింటికీ ఒక ఉత్తరం పంపుతున్నాను కదా. ఆ వారం పిల్లలు ఏం చదివారు, దేనికి నవ్వారు, దేనికి జుట్లు పట్టుకున్నారు, అన్నీ అందులో ఉంటాయి. కింద చింపి పంపడానికి సంతకం చీటీ ఉంటుంది. పోయిన శనివారం ఒక పరీక్ష పెట్టాను. మూడో పేరా నడుమ, "ఈ మాట చదివినవారు సంతకం కింద ఒక సున్నా చుట్టండి" అని రాశాను. సోమవారం నలభై ఒక్క చీటీలూ బుద్ధిగా వచ్చాయి. సున్నాలు నాలుగు. పిల్లలకి సున్నా వస్తే వీపు చీరేస్తారు, మరి సున్నా కూడా తెచ్చుకోలేని ఈ ముప్ఫై ఏడు మందిని ఏం చెయ్యాలి?

మరదల్ని ఏమీ అనను. ఆసుపత్రిలో పన్నెండు గంటలు నిలబడి వచ్చి, చెప్పులు విప్పకముందే సంతకం గీకే మనిషిని ఏమనగలం? ఆ పన్నెండు గంటలు ఎనిమిదైన రోజు ఆమెను అంటాను. నీకు ఆ మినహాయింపు లేదు. సొరంగం పనిలో ఫోను పలకదని, రెండు నెలలకోసారి వస్తానని తప్పించుకోలేవు. తపాలా వస్తుంది కదా. ఇక మీదట నీ ప్రతి నీకే నేరుగా పంపుతాను.

ఒక్క సంగతి ముందే చెప్తున్నాను. ఈ ఉత్తరాల్లో పిల్లల పేర్లు ఉండవు. పాత బడిలో ఒకసారి పేరు రాశాను. పెన్సిల్ డబ్బా తీసిన పిల్ల గురించి. సోమవారానికల్లా వీధి వీధంతా దాన్ని దొంగ అంది. నెల తిరక్కుండా బడి మానిపించారు. అప్పటినుంచీ పేరు రాయనని ఒట్టు పెట్టుకున్నాను.

కోపం తగ్గని
అక్క


జూలై 14

అక్కా,

తిట్లు భద్రంగా అందాయి. పనిముట్ల పెట్టె మీద కూర్చుని డబ్బా అన్నం తింటూ చదువుకుంటుంటే మావాళ్లు చుట్టూ మూగారు. "మేస్త్రీకి టీచరమ్మ ఉత్తరం రాసిందిరా, లెక్క తప్పాడేమో" అని ఒకటే నవ్వు. నిజంగానే తప్పాను, ఒప్పుకుంటున్నాను. ఇక ప్రతి అక్షరమూ రెండేసి సార్లు చదువుతాను.

ఇక్కడ రాయి గట్టిపడింది. తవ్వే యంత్రం పళ్లు రోజుకి రెండు విరుగుతున్నాయి. నేను దాని నోట్లో తలపెట్టి పళ్లు మారుస్తుంటాను, పళ్ల డాక్టరులాగా. అదీ నా బతుకు.

మా పిడుగు ఎలా ఉందో నిజం చెప్పు. నాకు రెండే లైన్లు రాస్తుంది. "బాగున్నాను నాన్నా, నువ్వు ఎలా ఉన్నావు." ఇంట్లో ఉన్నప్పుడు వాగుడుకాయ, కాగితం మీద ఎందుకింత పిసినారి? పాత స్నేహితులంతా పక్క సెక్షనుకి పోయారట. అది విన్నప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. హాస్టల్లో నాలుగు నెలలు నాతో ఒక్కడూ మాట్లాడలేదు, గుర్తుందా? నేనలా ఉండబట్టి అనుకుంటానేమో, కానీ రెండే లైన్లు రాసే పిల్లని చూస్తే నాకు భయం.

నీ
తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడూ,

ఈ వారం ఉత్తరం జతచేశాను. అందరికీ వెళ్లినదే. రెండో పేరా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, కళ్లు పెట్టి చదువు.

"మన క్లాసులో ఒక అమ్మాయితో పదకొండు రోజులుగా ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె రబ్బరు అడిగితే గోడ అడిగినట్టు ఊరుకుంటున్నారు. నలుగురి జట్టులో వేస్తే ముగ్గురే పని చేసి, నాలుగో పుస్తకం ముట్టకుండా వదిలేస్తున్నారు. దీన్ని మొదలుపెట్టింది ఒక్కరే. ఆ ఒక్కరికి తెలివి ఉంది, ధైర్యం ఉంది, మిగతావాళ్లు మాట వింటారు. తల్లిదండ్రులారా, మీ పిల్ల ఇందులో ఎక్కడుందో ఈ ఆదివారం కూర్చోబెట్టుకుని అడగండి."

బెంచీలు మార్చాను. పాఠం ఆపి గంటసేపు మాట్లాడాను. అందరూ తలలూపారు. తలలూపడంలో మన పిల్లలకి మంచి శిక్షణ ఉంది, అది మనమే ఇచ్చాం. ఏడేళ్లుగా "నోరు మూసుకో" అనే ఒక్క పాఠమే శ్రద్ధగా చెప్పాం. ఇప్పుడు ఆ పాఠాన్నే ఒక పిల్ల మీద అప్పజెప్తున్నారు.

నీకు విడిగా ఒక్క మాట. ఈ పేరాలో నువ్వు చదవాల్సింది ఉంది. ఇంతకుమించి రాయను, నలభై ఒక్కరికీ ఒకే మాట చెప్పాలన్నది నేను పెట్టుకున్న నియమం. తండ్రివి, నీకు అర్థమవుతుంది.

అక్క


ఆగస్టు 10

అక్కా,

అర్థమైంది. పేరు రాయకపోయినా మొదటిసారి చదివినప్పుడే అర్థమైంది. గ్రీజు చేతులతోనే కాగితం పట్టుకుని యంత్రం పక్కన కూలబడ్డాను. మేస్త్రీకి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు. సొరంగంలో ఎండేమిటో వాళ్లకే తెలియాలి.

పిడుగుకి అప్పటికప్పుడు ఉత్తరం రాశాను. మెత్తగా రాయలేదు. ఇలాంటివి మొక్కగా ఉన్నప్పుడే తుంచాలి, మానయ్యాక గొడ్డలి కావాలి. ఏం చెయ్యాలో వివరంగా చెప్పాను. ఇక ఈ సంగతి నాకు వదిలెయ్. నువ్వు దాన్ని పిలిచి ఏమీ అడగొద్దు. టీచరమ్మ మేనకోడలని ఇప్పటికే వేరుగా చూస్తుంటారు, నువ్వు కలగజేసుకుంటే ఇంకా వేరవుతుంది. నా మీద నమ్మకం ఉంచు.

నీ
తమ్ముడు


ఆగస్టు 23

తమ్ముడూ,

గుండెల మీదినుంచి బరువు దింపావు. ఏ తండ్రీ ఇంత త్వరగా ఒప్పుకోడు. నువ్వు రోషపడతావని, నాలుగు అంటావని కాచుకుని కూర్చున్నాను. నువ్వేమో నిండుకుండలా జవాబు రాశావు. నువ్వు వద్దన్నావని నేను పిడుగుతో ఆ మాటే ఎత్తలేదు.

నీ మందు పనిచేస్తున్నట్టే ఉంది. కాగితం ఉండలు విసరడం ఆగింది. గుసగుసలు లేవు. ఆ అమ్మాయి కూడా ఇప్పుడు ఏడవడం లేదు, ఎవరినీ ఏమీ అడగడం లేదు, తన పని తాను చేసుకుంటోంది. మన హెడ్మాస్టరు వరండాలో నడుస్తూ ఆగి, "మేడం, బడంతటికీ ప్రశాంతమైన క్లాసు మీదే" అన్నాడు. ఆయనకి ప్రశాంతత అంటే ప్రాణం. పిల్లలు లేని బడి అయితే ఆయనకి ఇంకా బాగుంటుంది.

ఒక తమాషా చెప్తాను. ఆ పేరాకి ముప్ఫై ఎనిమిది చీటీల మీద ఏమీ లేదు. ఇద్దరు "మా పిల్ల అలాంటిది కాదు" అని రాశారు. ఒక్క తల్లి మాత్రం, బట్టలు కుట్టుకుని బతికే ఆవిడ, "మా అమ్మాయి ఏం తప్పు చేసిందో చెప్పండి మేడం, దిద్దుకుంటాం" అని రాసింది. ఎవరితో మాట్లాడటం లేదో ఆ పిల్ల తల్లి! చూశావా, తప్పు చెయ్యనివాళ్లే ముందు తల వంచుతారు, లోకం అలా తయారుచేసింది వాళ్లని. ఆమెకి జవాబు రాయాలి. పరీక్ష పేపర్లు నూట అరవై నాలుగు ఉన్నాయి, అవి దిద్దడం అవగానే రాస్తాను.

చాలా రోజులకి నిమ్మళంగా
అక్క


సెప్టెంబరు 1

అక్కా,

నీ తమాషా నాకు సరిగ్గా అర్థం కాలేదు. అక్కడ మాట్లాడనిది ఎంతమందితోనో నాకేం తెలుసు? క్లాసులో ఇంకో పిల్లకీ అదే బాధ ఉన్నట్టుంది, పాపం.

నేను చెప్పలేదూ? పిడుగు ఈసారి పేజీన్నర రాసింది. "ఇప్పుడు అందరూ నా వైపే ఉన్నారు నాన్నా, నువ్వు చెప్పినట్టే చేశాను" అని. చదివి మావాళ్లందరికీ టీ తాగించాను. హాస్టల్లో నాకెవరూ చెప్పని మాట నా కూతురికి నేను చెప్పగలిగాను. ఈ బండరాయి మధ్య బతుకుతూ ఒక మంచి పని చేశాననిపించింది.

నీ
తమ్ముడు


సెప్టెంబరు 9

తమ్ముడూ,

నీ ఒకటో తారీకు ఉత్తరం ఆరున అందింది. నాలుగున జరగాల్సింది జరిగిపోయింది.

వరసగా చెప్తాను. దర్జీ ఆవిడ కూతురికి ఉబ్బసం. దగ్గు తెర వస్తే ఇన్‌హేలర్ పీల్చాలి. జూలైలో ప్రార్థన దగ్గర పిడుగు మైకు ముందు పద్యం అప్పజెప్తుంటే ఈ పిల్లకి దగ్గొచ్చింది, అందరూ నవ్వారు, పిడుగు పద్యం మర్చిపోయింది. అంతే కారణం. అవును, మొదలుపెట్టింది మన పిడుగే. నేను రెండో పేరాలో రాసిన "ఒక్కరు" నీ కూతురు. ఎవరినీ మాట్లాడనివ్వనిది దర్జీ ఆవిడ కూతురితో.

మొన్న గురువారం మూడో పీరియడులో దగ్గు వచ్చింది. క్లాసుకి ఇబ్బంది కలిగించకూడదని వాళ్లమ్మ గట్టిగా చెప్పిందట. నా ఉత్తరం చదివి, తప్పు తన పిల్లదేననుకుని, రెండు దెబ్బలు కూడా వేసి చెప్పిందట. అందుకని లెక్కల మాస్టారిని అడిగి బయటికెళ్లి, రెండో అంతస్తు మెట్ల మలుపులో కూర్చుంది. ఇన్‌హేలర్ క్లాసులో బ్యాగులో ఉండిపోయింది. గంట కొట్టారు. క్లాసు క్లాసంతా ఆ మెట్ల మీదుగా ఆటస్థలానికి దిగింది. ఆ పిల్ల మాట రాక, చేత్తో బ్యాగు కావాలని సైగ చేసింది. వాళ్లలో ఇరవై ఏడు మంది చూశారు. ఇరవై ఏడు మంది ఆమె కాళ్లు తొక్కకుండా జాగ్రత్తగా పక్కనుంచి దిగి వెళ్లారు. మాట్లాడినవాళ్లకి, ఆమె గురించి ఎవరికైనా చెప్పినవాళ్లకి రెండు వారాలు వెలి. అదీ కట్టడి.

బతికింది. ఊపిరి అందక ఎంతసేపుందో తెలియదు. కళ్లు తెరుస్తోంది, తల్లిని గుర్తుపట్టడం లేదు. డాక్టరు ఏ మాటా ఇవ్వడం లేదు.

హెడ్మాస్టరు గదిలో పిడుగుని నిలబెట్టి అడిగాం. ఏడవలేదు. బ్యాగులోంచి మడత కాగితం తీసి నాకిచ్చింది. "నాన్న చెప్పినట్టే చేశాను అత్తా" అంది.

నీ దస్తూరీ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నేనే దిద్దించాను. "ఒంటరిగా ఉండకు. ఒక్కొక్కరినే నీ వైపు తిప్పుకో. నీ వైపు వచ్చినవాళ్లు అటువైపు పలకకూడదని ముందే చెప్పు. మాట తప్పితే వాళ్లనీ వెలివెయ్యి. జాలిపడకు, జాలిపడినవాళ్లనే తొక్కుతారు."

పిల్లల కోపం వారానికి చల్లారుతుందిరా. ఆగస్టు మొదటివారానికే ఇద్దరు ముగ్గురు ఆ పిల్లతో మాట్లాడబోయారు, నేను చూశాను. దానికి కట్టడి నువ్వు చేశావు. నియమాలు రాసిచ్చింది నువ్వు. బతకడం నేర్పించాననుకుని ఊపిరి ఆపడం నేర్పించావు.

అక్క


సెప్టెంబరు 17

అక్కా,

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు యంత్రం దగ్గరికి వెళ్లలేదు. వెలివేసింది నా కూతుర్నే అనుకున్నాను. నువ్వు రాసిన పేరాలో నాకు కనిపించింది అదే. మాట్లాడేవాళ్లు లేని పిల్ల అంటే నాకు నేనే కనిపిస్తాను, నా తర్వాత నా పిల్లే కనిపిస్తుంది. ఇంకెవరు కనిపిస్తారు?

నా తప్పు నాది. నీది కూడా విను. పోయినేడు కాపీ కొట్టిన పిల్ల ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లావు. గుమ్మంలో నిలబడి పేరు పెట్టి చెప్పావు. నీ మరదలితో నువ్వే గొప్పగా చెప్పుకున్నావు. మా ఇల్లు నీ బడికి నాలుగు వీధుల అవతల. అక్కడికి నడవడానికి నీ కాళ్లు రాలేదు. మన పిల్ల దగ్గరికొచ్చేసరికి నీకు నియమం గుర్తొచ్చింది. టీచరమ్మ మేనకోడలే గొడవకి మూలమని స్టాఫు రూములో నవ్వుతారని భయపడ్డావు. నలభై ఒక్కమందికి ఒకే మాట అంటే ఒక్కరికీ ఏ మాటా చెప్పకపోవడమేనని నీకు తెలియదా? అందర్నీ నిలదీసే నోరు కదా నీది, అది ఆ ఒక్క పేరు దగ్గరే ఎందుకు పడిపోయింది?

హెడ్మాస్టరుతో నీ మరదలు మాట్లాడింది. ఆయన మంచివాడు. "ఆకస్మిక అనారోగ్యం" అని కాగితం తయారుచేశాడట, తల్లిదండ్రులు సంతకాలు పెడితే విచారణ ఒక్కరోజులో ముగుస్తుందట. పిడుగుకి టీసీ ఇస్తానన్నాడు. నేనున్న దగ్గర ఒక బడి ఉంది, ఇక్కడికి తెచ్చుకుంటాను. దానికి పన్నెండేళ్లు అక్కా. ఈ భారం దాని నెత్తిన జీవితమంతా పెట్టమంటావా? నా ఉత్తరం కాల్చెయ్. నీ కాళ్లు పట్టుకుంటాను.

తమ్ముడు


సెప్టెంబరు 22

తమ్ముడూ,

నువ్వన్నది నిజం. మొదట కాగితం నలిపి పారేశాను, తర్వాత తీసి సాపుచేసి మళ్లీ చదివాను. స్టాఫు రూములో నవ్వుతారనే భయపడ్డాను. ముప్ఫై ఏళ్లుగా ఊరందరి పెంపకాన్నీ ఎండగట్టినదాన్ని, మన ఇంటి పెంపకం బయటపడుతుందని పేరు మింగేశాను. దానికి నియమమని పేరు పెట్టుకున్నాను.

నీకు తెలియని మాట ఇంకొకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆ గురువారం ఆటస్థలానికి దిగిన పిల్లల్లో ఒకమ్మాయి వెనక్కి వచ్చింది. నా గది గుమ్మం దగ్గర నిలబడింది. కట్టడి తప్పకుండా ఎలా చెప్పాలో తెలియక, "మేడం, మీరొకసారి మెట్ల వైపు వెళ్తారా" అంది. నేను పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తలేదు. "తర్వాత వెళ్తాలే, నువ్వు ఆడుకో" అన్నాను. పన్నెండు నిమిషాల తర్వాత వెళ్లాను. ఇరవై ఏడు మంది అని నీకు రాశానే, ఆ లెక్క తప్పు. ఇరవై ఎనిమిది. ఆ ఇరవై ఎనిమిదో మనిషికి యాభై రెండేళ్లు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. దర్జీ ఆవిడ మంచం పక్కన పిల్ల గౌను పట్టుకుని కూర్చుంది. ఊడిన అంచు కుడుతోంది, కుట్టిందే విప్పి మళ్లీ కుడుతోంది. నాకు కుర్చీ చూపించింది. తల ఎత్తకుండా అడిగింది.

"మీకు ముందే తెలుసా మేడం?"

తెలుసన్నాను.

"మరి మా పిల్లది తప్పు లేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా. నేను దాన్ని కొట్టాను."

ఆమె చీటీ ఆగస్టు నుంచీ నా సొరుగులో ఉంది. జవాబు రాయడానికి రెండు నిమిషాలు పట్టేది. అది కూడా చెప్పాను. ఆమె సూది పక్కన పెట్టి, ఇక వెళ్లమంది.

నీ ఉత్తరం కాల్చను. ఈ బడి దీన్ని దగ్గు అని రాసుకుంటుంది. దగ్గయితే ఎవరికీ ఏమీ కాదు, హెడ్మాస్టరుకి కాదు, నీకు కాదు, నాకు కాదు. మళ్లీ వచ్చే ఏడు ఇంకో మెట్ల మలుపు, ఇంకో పిల్ల. పిడుగు నెత్తిన భారం పెట్టమంటావా అని అడిగావు. దాని నెత్తిన అది ఇప్పటికే ఉందిరా. నీ దగ్గరికి తీసుకెళ్లినా దానితోపాటు వస్తుంది. మొన్న మరదలు డ్యూటీకి వెళ్తే నా దగ్గర పడుకుంది. "అత్తా, ఆ అమ్మాయి నన్ను చూసి కూడా సైగ చేసింది" అంది, గోడకి తిరిగి. పిల్ల చెప్పడానికి సిద్ధంగా ఉంది. నోరు మూయించేది మనమే.

బతిమాలడం లేదు, అడుగుతున్నాను.

అక్క

1. బడిలో విచారణ వచ్చే సోమవారం ఉదయం పది గంటలకు. నువ్వు రావాలి.

2. "ఆకస్మిక అనారోగ్యం" కాగితం మీద నువ్వు సంతకం పెట్టకూడదు. మరదలి చేత పెట్టించకూడదు.

3. పిడుగుకి నువ్వు రాసిన ఉత్తరాన్ని విచారణలో నువ్వే నిలబడి పైకి చదవాలి.

4. నా ఉత్తరాలూ, దర్జీ ఆవిడ చీటీ, ఆ పన్నెండు నిమిషాలూ నేను చెప్తున్నప్పుడు నన్ను ఆపకూడదు. నా ఉద్యోగం గురించి మాట్లాడకూడదు.

5. టీసీ దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి.

6. దర్జీ ఆవిడ రమ్మంటేనే పిడుగుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వద్దంటే మళ్లీ అడగకూడదు.

7. పిల్లని కొట్టకూడదు.